కొత్తిమీరకి కారు

కొత్తిమీర కట్ట కోసం కారు తీసే మనిషిని నేను. ఇందులోకి నన్నెవరూ తోయలేదు, కోరి కోరి నేనే వచ్చిపడ్డాను కాబట్టి ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మైలవరం వైపు, ఒకప్పుడు మామిడితోటలుండే నేలలో, చుట్టూ ఎత్తు గోడ కట్టిన కాలనీలో మా ఇల్లు. గోడ అవతలే ఊరు. ఆ ఊరి కూరలకొట్టులో నీళ్ళు చల్లిన కొత్తిమీర వాసన మా వంటింటి కిటికీలోకి తిన్నగా వస్తుంది. కొత్తిమీర మాత్రం రాదు. దానికోసం ముందు గేటు దాటి, పెద్ద రోడ్డెక్కి, ఎక్కడో ఉన్న యూటర్న్ తిరిగి, వచ్చినంత దూరమూ మళ్ళీ వెనక్కొచ్చి ఊళ్ళోకి దిగాలి. ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీయగానే కాగిన సీటు వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకే నేను చిన్నప్పుడు పడి చచ్చేవాణ్ణి.

అది మా పెదనాన్న కారు వాసన. ఆయన ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగి, మా నాన్న బెజవాడలో బడిపంతులు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పెదనాన్న కుటుంబం మీగడ రంగు కారులో మా ఇంటికి భోజనానికొచ్చేది. వెనక సీట్లో కిటికీ పక్కన వాళ్ళబ్బాయి ప్రభాకర్. నాకంటే నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలలకీ నా చేత అన్నయ్యా అని పిలిపించుకునేవాడు. సాయంత్రం తిరిగెళ్ళేటప్పుడు ఆ కారు ఒక పట్టాన కదిలేది కాదు, సందులో పిల్లలమంతా వెనక చేరి తోసేవాళ్ళం. నా చొక్కా చెమటకి తడిసి, అరచేతులకి దుమ్మంటి, ఇక నావల్ల కాదనుకునే క్షణాన ఇంజను దగ్గి, ఉమ్మి, నల్లటి పొగ నా మొహాన కొట్టి అందుకునేది. ఆ పొగని అత్తరులా పీల్చేవాణ్ణి. ప్రభాకర్ వెనక అద్దంలోంచి రెండే రెండు వేళ్ళు ఎత్తి చూపించేవాడు. మొత్తం చెయ్యి ఊపడానికి కూడా నేను తగనని కాబోలు.

కారు లేని మాకు దాని అవసరమే లేదని నాకు అప్పుడు తెలియదు. ఏలూరు కాలవ పక్కన మా సందు ఎంత ఇరుకంటే, ఎదురింట్లో తాలింపు పెడితే మా ఇంట్లో తుమ్ములు. నాన్న బడి ఆ చివర, గుడి ఈ చివర, మధ్యలో పిండిమర, ఇస్త్రీ బండి, అద్దెకి నవలలిచ్చే కొట్టు. వేసవిలో సందు మొదట్లోనే ముంజలు కొట్టించుకుని గోరుతో తోడుకు తింటూ ఇంటికొచ్చేసరికి వేళ్ళన్నీ జిగురు. క్రిస్మస్‌కి పది రోజుల ముందు నుంచే గులాబీ పువ్వులు వేయించే నూనె వాసన, పిండిమర నుంచి తెచ్చిన బియ్యప్పిండి వెచ్చదనం, పాటలు పాడుతూ గుమ్మం గుమ్మానికీ తిరిగే గుంపులో ఎప్పుడూ శ్రుతి తప్పే నా గొంతు. అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టాక కొత్తిమీర గుర్తు తెచ్చుకుని నన్ను పరుగెత్తించేది. దారిలో గోళీల ఆట ఒకటి చూసి, ఇద్దరితో పోట్లాడి తిరిగొచ్చినా పప్పు ఇంకా ఉడుకుతూనే ఉండేది.

ఒక ఆదివారం పొగ తుడుచుకుంటూ అమ్మ దగ్గర ప్రతిజ్ఞ చేశాను: "పెద్దయ్యాక కారుంటేనే వెళ్ళగలిగే చోట ఇల్లు కట్టుకుంటా."

అమ్మ చేట ఆపకుండానే అంది, "అట్టాంటి చోట నీకు కొత్తిమీర ఎవరు తెచ్చిపెడతార్రా?"

ఆ ప్రతిజ్ఞ నెరవేరింది. ఈలోగా మా సందులో ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కట్టారు, ప్రభాకర్ ఉయ్యూరు వదిలి, సరిగ్గా మా ఇల్లుండే చోట రెండో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని, కారు అమ్మేశాడు. చక్కెర ఫ్యాక్టరీ నీడన పెరిగినవాడికి షుగర్ లేదు, నాకుంది. రోజూ ఫోను చేసి, "ఇప్పుడే అట్టా కిందకెళ్ళి కూరలు తెచ్చా, దారిలో కాఫీ కూడా తాగొచ్చా. నువ్వు కారు బయటికి తీశావా?" అంటాడు. చిన్నప్పుడు వాడి కారు చూసి ఏడ్చాను, ఇప్పుడు వాడి కాళ్ళు చూసి ఏడుస్తున్నాను. మా కాలనీలో ఎండలు ముదిరిపోయాయని బాధపడని వాళ్ళు లేరు. అందరమూ ఏసీ కార్లలో కూర్చునే బాధపడతాం.

నా ఏడుపు సరే, నా భార్య సరోజిని సంగతి వేరు. ముప్పై ఏళ్ళు బడికి నడిచి వెళ్ళిన టీచరు. కారు నడపడం రాదు. "నన్ను పార్సిల్ చేశారండీ మీరు. ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళేదాకా ఇట్టా పడుండాలి," అంది ఒక రోజు, నవ్వకుండా.

వెనక గోడకి ఒక ఇనుప గేటుంది. ఇళ్ళు కట్టేటప్పుడు లారీల కోసం పెట్టి, తర్వాత తాళం వేశారు. దాన్ని తెరవమని కాలనీ మీటింగులో అడిగాను.

"గేటు తీస్తే బయటివాళ్ళు లోపలికొస్తారండీ," అన్నారు సెక్రటరీగారు.

"బయటివాళ్ళు రోజూ వచ్చి మన అంట్లు తోముతున్నారండీ, పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి మరీ. లోపలివాళ్ళం బయటికెళ్ళే మార్గం అడుగుతున్నాను," అన్నాను.

సెక్రటరీగారు తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు. సరోజిని మర్నాటి నుంచి ఇంటింటికీ తిరిగి, కారు నడపని ఆడవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించింది. ఏడాది పట్టింది. పగటిపూట తెరిచి ఉంచడానికి ఒప్పుకున్నారు.

తాళం తీసిన ఆదివారం ప్రభాకర్‌ని భోజనానికి పిలిచాను. బస్సు దిగి, ఎండలో లోపలిదాకా నడిచి, "ఇంత దూరంలో ఇల్లేంట్రా నీకు," అంటూ వచ్చాడు. పిండిమర పోయింది, నవలల కొట్టు పోయింది, కాలవ గట్టు నీడా పోయింది, వాడి నోరు మాత్రం అలాగే ఉంది. పొయ్యి మీద పప్పు పెట్టి, ముగ్గురం వెనక గేటు దగ్గరికి వెళ్ళాం. తుప్పుపట్టి అది కదల్లేదు.

"అన్నయ్యా, కాస్త తొయ్యి," అన్నాను.

తోశాడు. చొక్కా తడిసింది. గేటు దగ్గి, మూలిగి, మనిషి పట్టేంత తెరుచుకుంది. ముందు సరోజిని, చేతిలో సంచితో, ఎవరికోసమూ ఆగకుండా దాటిపోయింది. ఆమె వెనక నేను. నాలుగడుగులు వేశాక తిరిగి చూస్తే, ప్రభాకర్ అరచేతులకంటిన తుప్పు చూసుకుంటున్నాడు. తల ఎత్తేదాకా ఆగి, రెండే రెండు వేళ్ళు ఎత్తి చూపించాను.

తిరిగొచ్చేసరికి పప్పు ఇంకా ఉడుకుతూనే ఉంది.