వించిలో పడిన పైట చెంగు

పర్చూరు దగ్గర మిరప చేలలో పెరిగిన నేను, పెళ్లయ్యాక సింగరాయకొండ అవతల సముద్రపు ఒడ్డుకు కాపురానికి వచ్చాను. నిరుడు మా ఆయన పడవను ఇసుక మీదికి లాగడానికి చిన్న కరెంటు వించి కొన్నాడు. స్విచ్చి వేస్తే డ్రమ్ము తిరుగుతూ, ఇనుప తాడును చుట్టుకుంటూ పడవను లాగుతుంది.

ఒక ఉదయం ఆయన పడవ వెనక నిలబడి నెడుతున్నాడు. నేను స్విచ్చి వేసి, తాడు సరిగ్గా చుట్టుకుంటోందో లేదో వంగి చూశాను. ఎండకని మెడచుట్టూ కప్పుకున్న పైట చెంగు గాలికి ఎగిరి డ్రమ్ములో పడింది. ఒక్క గుంజుకు మోకాళ్ల మీద పడ్డాను. స్విచ్చి చేతికందడం లేదు. పైట గొంతుకు బిగుసుకుంటోంది. "ఆపండి!" అని అరిచినా అలల హోరులో ఆయనకు వినపడలేదు. ఇక చచ్చాననుకున్నాను.

పక్కనే చేపలు శుభ్రం చేస్తున్న మా అత్తయ్య, "కదలకే!" అంటూ కత్తితో పరుగెత్తుకొచ్చి, నా గొంతు పక్కనే పైటను కోసేసింది. నేను వెనక్కి పడిపోయాను. ఆవిడే స్విచ్చి ఆపింది.

తర్వాత తన తువ్వాలు నా భుజాల మీద కప్పి, "కత్తి నీ మెడకు తగిలుంటే నేనేమైపోయేదాన్నే!" అని బావురుమంది.

ఇప్పుడు పైట నడుములో దోపుకున్నాకే వించి దగ్గరికి వెళ్తున్నాను. అయినా మోటారు మోగగానే చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోతోంది.