తాతయ్య నామానికి నేను రోబోనైన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక రోబో ఉండేది. ఆపదలో పడిన మా వంశగౌరవాన్ని అది ఒక్క చేత్తో నిలబెట్టింది. ఇది ఆ వీరగాథ. కాకపోతే ముందే ఒక మాట చెప్పేయాలి, ఆ రోబోను నేనే. అప్పటికి నాకు ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. ఇక వంశగౌరవం అంటారా, అది మా తాతయ్య నుదుటి మీద బెత్తెడు మేర.

మాది తిరుపతి. తాతయ్య కోవెల గోష్ఠిలో నలుగురితో కలిసి పాశురాలు చదివేవారు. నామం పెట్టుకోనిదే గడప దాటేవారు కాదు. తిరుమణి అనే తెల్లమట్టితో రెండు గీతలు, నడుమ ఎర్రగీత, నూలు పట్టి గీసినట్టు ఉండేవి. పెళ్ళిళ్ళలో నామం పెట్టమని పెళ్ళికొడుకులను తెచ్చి ఆయన ముందు కూర్చోబెట్టేవాళ్ళు. అలాంటి చేతికి వణుకు పట్టుకుంది. గీత మొదలుపెడితే వాననీళ్ళలా ఎటో పోయేది. నాయన పెడతానంటే, "ఇంకొకరు పెడితే అది అరువు నామం" అన్నారు. గోష్ఠికి పోవడం మానేసి, గొంతు బయటికి రాకుండా పెదవులు మాత్రం కదుపుతూ ఇంట్లో కూర్చునేవారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అంటే అందరూ దాన్ని గురించే ఆలోచిస్తున్నారన్నమాట.

పక్కింటి అక్క శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో రోబోలకు పని నేర్పేది. వాళ్ళ నాయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. వాళ్ళు ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాళ్ళు. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కే ఆ అక్కంటే నాకు దేవుడి తర్వాత దేవుడు. ఒక ఆదివారం మధ్యాహ్నం పోయి, మా తాతయ్యకు నామం పెట్టే రోబోను ఒకటి తెచ్చిపెట్టమని అడిగాను.

ఆమె నవ్వలేదు. ఇప్పుడు తలచుకుంటే అదే పెద్ద గొప్ప. మా వరండాలోకి వచ్చి కూర్చుని, లోపలున్న తాతయ్యకు వినపడేలా రోబోల పుట్టుక నుంచి మొదలుపెట్టింది. ఐరోపాలో ఎవరో రాసిన నాటకంలోంచి వచ్చిన పేరంట అది, వెట్టిచాకిరీ అని అర్థమంట. "వెట్టిచాకిరీ సూసేదానికి అంత దూరం ఏంటికి మే, మా వంటింట్లోకి రా" అని లోపల్నుంచి మా అవ్వ. మనిషి ముట్టుకుంటే చెయ్యి కాలిపోయే లోహపు ముక్కలను ఎత్తడానికి మొదట కార్ల ఫ్యాక్టరీలో పెట్టారంట. ఇప్పుడు వెల్డింగ్ చేస్తాయి, రంగు కొడతాయి, డాక్టరు నడిపిస్తే కడుపు లోపల సన్నకుట్లు వేస్తాయి, మనిషి దిగకూడని మురుగుగుంతల్లో దిగుతాయి, అంగారకుడి మీద మట్టి తీస్తాయి. నేను నోరు తెరుచుకుని విన్నాను. పళ్ళు అడ్డం లేవు కాబట్టి బాగానే తెరుచుకుంది.

తర్వాత అక్క నా మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడు నువ్వే రోబో. మేము దానికి గీత నేర్పం పాపా, చుక్కలు నేర్పుతాం. ఈడ ఒకటి, ఆడ ఒకటి. నడుమ తిన్నగా పోయేది దాని పని." అవ్వ వేసే ముగ్గు కూడా ఇంతే కదా అనిపించింది. పలక మీద చుక్కలు పెట్టించి కలపమంది, కలిపాను. కళ్ళు మూసుకుని మళ్ళీ కలపమంది. ఈసారి పలకను పక్కకు లాగేసింది. చెప్పింది చెప్పినట్టు నేల మీద గీసేశాను.

"సూసినావా, కెమెరా పెట్టకపోతే దాని బుద్ధి ఇంతే!" అంది అక్క.

లోపల తాతయ్య నవ్వారు. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

అక్క ఆ సందు చూసుకునే అసలు మాట వేసింది. "తాతా, ఫ్యాక్టరీలో గీత వంకరపోతే రోబోను ఎవురూ తిట్టరు. చుక్కలు పెట్టినోళ్ళనే పిలుస్తారు. బాగొచ్చినా అంతే. చెయ్యి ఎవురిదైనా పని మాత్రం చుక్క పెట్టినోళ్ళదే."

అందరం ఊపిరి బిగబట్టిన మహత్తర ఘట్టంలో వంటింట్లో కుక్కరు కూతేసింది.

"చుక్కైతే పెట్టగలను" అన్నారు తాతయ్య.

అద్దం ముందు మోచేయి బల్లకు ఆనించి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పెట్టారు. కనుబొమల నడుమ, పైన జుట్టు మొదట్లో అటూ ఇటూ. నేను తిరుమణిలో ముంచిన పుల్లతో ఆ చుక్కలు కలుపుతుంటే తాతయ్య తుమ్మారు. నేను ఆగలేదు, నాకు నేర్పిన పాఠం అలాంటిది. తెల్లగీత చెవి దాకా పోయింది.

"ఏమే, నీకు కెమెరా లేదా?" అన్నారు తాతయ్య.

తుడిచి మళ్ళీ చుక్కలు పెట్టారు. ఈసారి నేను కళ్ళు కూడా వాడాను. నూలు పట్టినట్టు రాలేదు గానీ తిన్నగానే వచ్చింది. అక్క నన్ను మెచ్చుకోలేదు. "చుక్కలు బాగా కుదిరినాయి తాతా" అంది, అంతే. ఆయన అద్దంలో కాసేపు చూసుకుని, ఉత్తరీయం సర్దుకుని, చెప్పులు ఎక్కడున్నాయని అడిగారు. ఆ సాయంత్రం గోష్ఠిలో తాతయ్య గొంతు బయటికి వినపడిందని నాయన వచ్చి చెప్పారు. అవ్వ ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి పోయింది.

ఇదంతా ముసలమ్మలా చెబుతున్నా గానీ నాకింకా నెరిసిన వెంట్రుక ఒకటే. ఆ అక్క దగ్గర నేర్చుకున్నది మాత్రం వదల్లేదు. ఎవరికైనా సాయం చేయబోయే ముందు, వాళ్ళచేత పెట్టించగల చుక్క ఏదైనా మిగిలుందా అని చూస్తాను. చాలాసార్లు ఉంటుంది.

అన్నట్టు, తిరుమణిలో నీళ్ళు ఎక్కువైతే కళ్ళలోకి కారుతుంది, తక్కువైతే ఆరి చొక్కా మీద రాలుతుంది. కొంచెం కొంచెంగా కలుపుకోవాలి.