మైదా జిగురుతో మా మొదటి షో

నా గుండు చూసి "తిరుపతి ఎప్పుడెళ్ళొచ్చావ్?" అని మాత్రం అడక్కండి! పొద్దున కంపెనీ బస్సెక్కినప్పటి నుంచీ అదే గోల. టీ చెప్పండి, అసలు సంగతి చెప్తాను.

మా బ్యాండ్ తెలుసుగా, నల్లబూడిద. బ్లాక్ మెటల్, అంటే రాక్ సంగీతంలో జనాన్ని జడిపించే రకం. మొహాలకి శవాల్లా తెల్లరంగు, కళ్ళ చుట్టూ నలుపు, నడుం దాకా జుట్టు, గొంతు చించుకుని అరుపులు. నేను పాట, సలీం గిటార్, యోహాను డ్రమ్స్. ఐదేళ్ళుగా చందాపురలో అంజనప్ప పిండి మిషన్ పక్క షెడ్డులో ప్రాక్టీసు. మిషన్ తిరుగుతుంటే మమ్మల్ని ఎవరూ తిట్టరు, వినపడితే కదా! అండర్‌గ్రౌండ్ బ్యాండ్ అంటారే, మేం మరీ లోతులో ఉన్నాం.

నిన్న ఆదివారం బొమ్మసంద్రలో ఓ చిన్న హాల్లో మొట్టమొదటిసారి స్టేజీ దొరికింది. షో పెట్టినాయన ముందే చెప్పేశాడు, "మూడు పాటలు. మధ్యలో ఆగారా, దింపేస్తా. మళ్ళీ పిలవను." ఐదేళ్ళ కష్టమంతా ఆ మూడు పాటల మీదే ఉంది.

తీరా హాలుకెళ్ళి చూస్తే తెల్లరంగు డబ్బా షెడ్డులోనే మర్చిపోయాం! వెనక్కెళ్ళే టైమ్ లేదు. సలీం తన స్కూటర్ మీదున్న బకెట్ చూపించాడు. పొద్దున మా పోస్టర్లు అంటించగా మిగిలిన మైదా జిగురు.

"తెల్లగానే ఉంది కదరా!"

"ఉంది. పూసెయ్!"

పూసుకున్నాం. అద్దంలో చూసుకుంటే నాకే భయమేసింది. సూపర్! యోహాను మాత్రం "నాకొద్దు బాబూ, దురద" అని తప్పించుకున్నాడు.

మొదటి పాట బ్రహ్మాండం. రెండో పాటలో నేనూ సలీం భుజం భుజం ఆనించి తలలు గిరగిరా తిప్పాలి. తిప్పాం. చెమటకి జిగురు కరిగింది, జుట్టు చుట్టుకుంది. తలెత్తబోతే రావట్లేదు! వాడి జుట్టు నా చెంపకి, నా జుట్టు వాడి గడ్డానికి!

"వదలరా!" అన్నాను, మైకులోనే.

"నువ్వే లాగుతున్నావ్!"

జనం అది కూడా పాటే అనుకుని ఈలలు. మా పాటల్లో మాటలు ఎవరికర్థమవుతాయి గనక!

ముందు వరసలోంచి అంజనప్ప లేచాడు, పాపం. "ఏమప్పా, ఇద్దరూ ఇట్ల అతుక్కోని ఉండారేమి? కత్తెర తెద్దునా?"

"పాటయ్యేదాకా కుదరదు!" అని అరిచాను. ఆగితే దింపేస్తాడు కదా! దిగితే ఒట్టు. మూడో పాట కూడా అలాగే లాగించాం. నేను వంగితే వాడూ వంగాడు. వాడు గిటార్ సోలోకి పక్కకెళ్తే నేనూ వెళ్ళాను, మైకు అక్కడే ఉండిపోయింది. అయితే ఏంటి? మైకు లేకుండానే అరిచాను. ఎవడు దింపుతాడో చూద్దాం!

తర్వాత వేడినీళ్ళు, కొబ్బరినూనె, కిరసనాయిలు, ఏదీ పనిచెయ్యలేదు. ఆఖరికి మంగలి షాపులో ఒకే బెంచీ మీద ఇద్దరికీ గుండు. తిరిగొస్తూ చూస్తే దారి పొడుగునా మా పోస్టర్లు ఊడి కింద పడున్నాయి. గోడని పట్టుకోలేని జిగురు మమ్మల్ని పట్టుకుంది!

షో పెట్టినాయన వచ్చే నెల మళ్ళీ రమ్మన్నాడు. ఆ రెండు తలల ఐటమ్ తప్పకుండా ఉండాలట. గుండుతో మెటల్ ఏంటని నవ్వుతారేమో, నవ్వండి. వెళ్తాం, వాయిస్తాం!

ఇక పొద్దున బస్సులో మా సూపర్‌వైజర్ నా గుండు చూసి, "ప్రసాదం ఏదయ్యా?" అని చెయ్యి చాపాడు. ఇదంతా చెప్పే ఓపిక లేక, సంచిలోంచి మా పాటల డెమో క్యాసెట్ తీసి ఆ చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు. ఇంటికెళ్ళి పెట్టుకుంటే రేపు నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో!

ఊడితే ఊడనీండి. ఐదేళ్ళలో చెయ్యి చాపి మా క్యాసెట్ తీసుకున్న మొదటి మనిషి ఆయనే.