సీనియమ్మాళ్‌కు విమానం పెట్టిన పొర్లుదండం

తమిళ సీమలో నాగలాపురం పక్క నల్లరేగడిలో సజ్జ పండించే సీనియమ్మాళ్‌కు ఊళ్ళో ఎవరూ దండం పెట్టిన పాపాన పోలేదు. ఆమె నోటికి జడిసి దూరం జరిగినవాళ్ళే ఎక్కువ. అలాంటి మనిషికి ఏకంగా విమానమే దండం పెట్టింది.

నడిపింది మేనల్లుడు హరికృష్ణన్. కోవిల్‌పట్టి దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో పైలట్ చదువు చదువుతున్నాడు. ఒంటరిగా ఎగరనిచ్చిన మధ్యాహ్నాల్లో దారి మళ్ళించి అత్త చేని మీదికి వచ్చి, గాలిలో ఒక పొర్లు పొర్లి పోయేవాడు.

"చూసినావా పట్టమ్మా, నాకు పొర్లుదండం పెడతాండాడు," అని పక్కచేని పట్టమ్మాళ్‌తో చెప్పి, సీనియమ్మాళ్ రెండు చేతులూ ఎత్తి దీవించేది. ఉప్పూ మిరపకాయలూ ఆకాశం వైపు తిప్పి విమానానికి దిష్టి కూడా తీసింది. దానికి శాస్త్రసమ్మతి ఉందో లేదో పురోహితులెవరూ తేల్చలేదు.

దీవించిన కొద్దీ దండం కిందికి దిగింది.

ఒకనాడు చేలోని పిట్టలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. తలెత్తితే తాటిచెట్లకు కాస్త పైన విమానం వెల్లకిలా ఉంది, చప్పుడు లేదు. అద్దం వెనక మేనల్లుడి ముఖం తలకిందులుగా వేలాడుతోంది. నోరు తెరుచుకుని ఉంది. కళ్ళు ఆమె వైపే ఉన్నాయి గాని, ఆమెను చూడటం లేదు. తర్వాత ఇంజను దగ్గింది, రెక్కలు మళ్ళీ తిన్నగా తిరిగాయి, విమానం వెళ్ళిపోయింది.

మర్నాడే ఆమె బస్సెక్కి పోయి శిక్షకుడి ముందు తమిళంలో అంతా చెప్పేసింది.

"ఆ గంతులకు చేసిన విమానం కాదమ్మా అది. తలకిందులైతే ఇంజనుకు పెట్రోలే అందదు," అన్నాడాయన. హరికృష్ణన్‌ను చదువు మాన్పించి, విరుదునగర్‌లో తండ్రి పప్పుల మండీకి సాగనంపారు.

వారం తిరక్కముందే వాడు అత్త ఇంటికొచ్చి పోట్లాటకు దిగాడు.

"నా బతుకు చెరిపినావే అత్తా!"

"బతుకుండాది గదరా, చెరిపేదానికి. కూచో, కూడు తిను."

వాడు కంచం ముందు కూర్చున్నాడో లేదో, చేని మీద అదే మోత. కిందికి, ఇంకా కిందికి.

సీనియమ్మాళ్ గరిటె వదిలేసి, ఎదురుగా ఉన్న మేనల్లుడి భుజం తడిమి చూసింది. వెచ్చగానే ఉన్నాడు.

"నువ్వు ఈడుంటే ఆడ ఎవుర్రా?"

"సెల్వకుమార్... నా రూమ్మేటు. నేనే నేర్పినా. మా అత్త చేతులెత్తి దీవిస్తాది, ఏమీ కాదు పోరా అని చెప్పినా."

మోత ఆగిపోయింది.

ఇద్దరూ వాకిట్లోకి పరిగెత్తారు. ఆకాశం ఖాళీగా ఉంది. సజ్జచేని అవతల నల్లటి దుమ్ము మెల్లగా లేచి నిలబడుతోంది. చప్పుడు ఇంకా రాలేదు.