ఆఖరోళ్లు వచ్చేదాకా

అక్క పోయిందన్న కబురు నాకు ఆఫీసు గ్రూపులో వచ్చింది. పొద్దున ఖమ్మంలో ఖానాపురం హవేలి మూల మీద షేర్ ఆటో కోసం నిలబడి ఉన్న. "మన సీనియర్ మేడం ఇక లేరు" అని మేనేజర్ పెట్టిండు. పక్కన దండం పెట్టే చేతుల బొమ్మలు. అది చదువుతుండంగనే కింద ఇంకోటి వచ్చి పడ్డది. "మేడం సిస్టమ్ పాస్‌వర్డ్ ఎవరికైనా తెలుసా? బిల్డ్ ఫెయిల్ అవుతోంది." రెండూ పెట్టింది ఒక్క మనిషే.

ఆటో వచ్చింది, పోయింది. నేను ఎక్కలే. ఫోన్‌లో ఏదో టైపు చేసి చెరిపేసిన. ఏం టైపు చేసిన్నో ఇక్కడ రాసేటట్టు లేదు.

ఆమె పేరు కూడా రాయను. నేనెన్నడూ పేరు పెట్టి పిలవలే. ఆఫీసులో అందరికీ మేడం, నాకు అక్క. ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న కోయ పల్లె ఆమెది. చదువుకొని, హైదరాబాదులో కొన్నేండ్లు పనిచేసి, అమ్మకు దగ్గరుండాలని ఖమ్మం వచ్చి మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. నాది సారపాక. మా నాయన కాంట్రాక్టు కూలీ. నేను డిగ్రీ సగంలో ఆపేసి, ఫోన్‌లో వీడియోలు చూసుకుంట సి ప్లస్ ప్లస్ నేర్చుకున్న. ఎవరన్నా "ఏ కాలేజీ?" అంటే నాకు ఒళ్లు మండుతది. ఇప్పటికీ మండుతది. అక్క ఆ మాట అడగలే. మొదటి రోజు కుర్చీ నా పక్కకు జరుపుకొని, కాళ్లు మడిచి పైన పెట్టుకొని, ఏసీ చలికి చున్నీ చెవులకు చుట్టుకొని, "ఏది, ఏం చేసినవో చూపెట్టు" అన్నది.

చూపెట్టేటట్టు లేకుండె. టెంప్లేట్ ఒకటి రాసిన. తెలువనోళ్లకు చెప్తున్న, టెంప్లేట్ అంటే మూస. ఒకే పనిని చిన్న అంకెలకు ఒకసారి, పెద్ద అంకెలకు ఒకసారి రాసుకుంట కూర్చోకుండ ఒక్క మూస చేసి పెడితే, అందులో ఏది పోస్తే ఆ ఇటుక వస్తది. నేను మూసను ఒక ఫైల్లో దాచి, ఇంకో ఫైల్లో దాన్ని వాడిన. మనం రాసిందాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్, చదివేటప్పుడు ఏమనలే. ఆఖరికి అన్నీ కలిపే కాడ మాత్రం అసలు అట్లాంటిది ఎక్కడా లేదన్నది. కండ్ల ముందట ఉన్నదాన్ని లేదంటదేందని టేబుల్ గుద్దిన. అక్క నవ్వు ఆపుకున్నది.

"మూసను ఇంట్ల పెట్టి తాళమేసినవ్ తమ్మీ. బట్టీ కాడ కూలీలు ఇటుకలు దేంతోని కొట్టాలె?"

మూసను తీస్కపోయి అందరికీ కనబడే హెడర్ ఫైల్లో పెట్టిన. పనిచేసింది. ఆ ముచ్చట మీద నేను ఎన్ని వీడియోలు చూసి ఉంటినో. ఒక్కడు గూడ తాళం మాట చెప్పలే.

టెంప్లేట్లతోని పనిచేసినోళ్లకు తెలుసు, ఒక్క చిన్న తప్పుకు కంపైలర్ పేజీలకు పేజీలు తిట్టిపోస్తది. స్క్రీన్ మీద కనబడేది ఆఖరి పేజీ. నేను అక్కడికెల్లే చదవడం మొదలుపెట్టేటోన్ని, అక్కడే కొట్లాడేటోన్ని. అక్క స్క్రీన్ మీద వేలు ఆనిచ్చి, పైకి పైకి పొమ్మనేది. ఆమె తాకిన స్క్రీన్ నిండా వేలిముద్రలే ఉండేటియి. "మొదటిదే తప్పు. మిగిలినయన్నీ దాని పిల్లలు" అనేది. ఆ మొదటిది గూడ చాంతాడంత పొడుగుంటది కదా అంటే, బస్సు బోర్డు మీద అన్ని ఊర్లు చదువుతవా, నీ ఊరు ఉన్నదా లేదా అని చూసుకుంటవా అని అడిగింది. గట్లనే అంత గోలలో మన ఫైల్ పేరు ఎక్కడున్నదో చూసుకోవాలె. దిగాల్సింది అక్కడ.

ఆమె రాసిన మూసల్లో ఒక అలవాటు ఉండె. తప్పు సరుకు పోస్తే కంపైలర్ తన భాషలో అరవకముందే ఆగిపోయి, ఆమె రాసి పెట్టిన మాట చూపెడతది. ఇంగ్లీషు అక్షరాల్లో, మన మాట. "అంకెలే పొయ్యాలె తమ్మీ, అక్షరాలు కాదు." క్లయింట్ చూస్తే బాగుండదని మేనేజర్ గొణుగుతుండేటోడు. చూడనియ్యుండ్రి సార్, వాళ్లు గూడ తప్పులు చేస్తరు కదా అనేది. ఆ మాటలు ఇప్పటికీ అక్కడనే ఉన్నయి.

ఒకసారి నా మెడలో ఇంకా 'ట్రైనీ' అని రాసి ఉన్న కార్డు తీసి టేబుల్ మీద ఇసిరికొట్టిన. నాకంటే వెనక వచ్చినోళ్లకు, పని రానోళ్లకు, కొత్త కార్డులు వచ్చినయి. నాకు డిగ్రీ లేదంట. ఆఫీసంత వినేటట్టు అరిచిన. అక్క కార్డు తీసి నా చేతిలో పెట్టి, మెల్లగ అన్నది:

"నీ కోపం నిజమేరా. కానీ అది మొదటి ఎర్రర్ కాదు. పైకి పోయి చూడు."

ఆ మాటకు ఆమె మీద గూడ కోపం వచ్చింది. పైన ఏమున్నదో నాకు తెలుసు. మా నాయన ఉన్నడు. ఎన్నేండ్లు పనిచేసినా ఆయన మెడలో గూడ కాంట్రాక్టు కార్డే. ఆమెకు నేను అది చెప్పలే. చెప్పకున్నా తెలిసే అన్నట్టున్నది.

ఇక అసలు ముచ్చట.

పోయిన వానకాలం ముందు మాకు ఒక పని వచ్చింది. గోదావరి నీళ్లు పెరిగితే, వాగులు ఎదురు తన్నితే, ఏ ఊర్లకు తొవ్వలు తెగుతయో చెప్పే ప్రోగ్రాం. లెక్క పెద్దది, ఒక్క చేతితోని తెమలదు. అందుకని లూపును, అంటే తిప్పి తిప్పి చేసే లెక్కను, మిషన్‌లో ఉన్న ఎనిమిది కోర్లకు పంచినం. ఎనిమిది మంది కూలీలు ఒక్కసారే మడిలో దిగినట్టు. మొదటి లూపు ఎక్కడెక్కడ నీళ్లు ఎంతున్నయో లెక్క కడతది. రెండోది ఆ లెక్క చూసి ఏ ఊరికి హెచ్చరిక పంపాల్నో చెప్తది.

అందులో ఒక గూడెం దోబూచులాడింది. వాగు అవతల ఉన్న చిన్న గూడెం. ఒకసారి నడిపితే హెచ్చరికలో ఉంటది, ఇంకోసారి నడిపితే ఉండదు. అదే నది, అవే అంకెలు. ఏమైతుందో చూద్దామని మధ్యలో లెక్కను స్క్రీన్ మీద చూపెట్టే ప్రింట్ లైన్లు పెట్టిన. పెట్టంగనే గూడెం బుద్ధిగ వచ్చి కూర్చున్నది. తీసేస్తే మాయం. నాకు పిచ్చి లేసింది. అక్కకు చూపెడితే తల ఊపింది. "చూస్తున్నంతసేపు బుద్ధిగ ఉంటదంటే, ఎవరో తొందరపడుతున్నరు. నువ్వు ప్రింట్ పెడితే వాళ్లకు కాలు ఆగుతుంది."

మేనేజర్ వచ్చి వెనక నిలబడ్డడు. రేపు డెమో. "చాలాసార్లు వస్తోంది కదా మేడం, తర్వాత చూసుకుందాం" అన్నడు.

"వాగు అవతలోళ్లకు చాలాసార్లు అని చెప్తరా సార్?" అన్నది. గొంతు పెంచలే. పెంచదు గూడ.

ఆయన పోయినంక ఫైలు మొత్తం పైకెల్లి చదివింది. మొదటి లూపు మీద ఒక చిన్న మాట దొరికింది. నోవెయిట్. మాకంటే ముందు పనిచేసి పోయినోడెవడో స్పీడు కోసం పెట్టిండు. మామూలుగ లూపు అయిపోయే కాడ కంపైలరే ఒక గీత గీస్తది. ముందు పని అయినోళ్లు, వెనకున్నోళ్లు వచ్చేదాకా అక్కడ ఆగాలె. నోవెయిట్ అంటే ఆగే పనిలేదు, పొండి అని. అందుకే పని జల్దీ అయిన కోర్ రెండో లూపులోకి ఉరికి, ఇంకా లెక్క కాని నీళ్లను, అంటే నిన్నటి నీళ్లను, చూసి ఆ గూడేనికి ఏం భయం లేదని రాసేస్తుంది.

ఆమె ఆ మాట కొట్టేసి, కుర్చీలో వెనక్కు ఒరిగి, చిన్నప్పటి ముచ్చట చెప్పింది. ఎండకాలం వాళ్లమ్మతోని, ఊరి ఆడోళ్లతోని తునికాకు కోతకు పోయేటోళ్లంట. అడవిలో తలా ఒక దిక్కు పోతరు. ఎవరి కట్టలు వాళ్లవే. కానీ తిరిగొచ్చేటప్పుడు వాగు కాడ అందరూ ఆగాలె. ముందొచ్చినోళ్లు మూటలు దించుకొని, కూతేసి పిలిచి, కూర్చోవాలె. ఒక్కరు గూడ నీళ్లలో కాలు పెట్టొద్దు. ఒకసారి తన మూట జల్దీ నిండిందని ఉరికొచ్చి వాగు దాటబోతే వాళ్లమ్మ జుట్టు పట్టి గుంజిందంట.

"ముందొచ్చినోళ్లను మా ఊర్లె ఎవ్వరు మెచ్చుకోరు తమ్మీ. ఆఖరోళ్లు వస్తేనే, అందరం వచ్చినట్టు."

డెమోలో ప్రోగ్రాం మెల్లగ నడిచింది. క్లయింట్ ముందట మేనేజర్ మొహం మాడ్చుకున్నడు. స్లోగా ఉందేంటి మేడం అన్నడు. "అవ్ సార్, స్లోనే" అన్నది అక్క. గూడెం మాత్రం ఎన్నిసార్లు నడిపినా ఉన్నది.

వానలు పడ్డంక అమ్మను చూసొస్తనని ఊరికి పోయి జ్వరంతోని పడ్డది. భద్రాచలంలో దవాఖానాకు, ఆన్నుంచి ఖమ్మానికి తెచ్చిన్రు. ఏ జ్వరమో నాకు ఇప్పటికీ సరిగ్గ తెల్వదు, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పిన్రు. ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు ఎట్లున్నవని అడగాల్సింది పోయి ఒక టెంప్లేట్ తప్పు గురించి అడిగిన. నాకు బాధ వస్తే పని గురించే మాట్లాడొస్తది. గొంతు పీలగ, "మొదటి ఎర్రర్ ఏందిరా?" అన్నది. చదివిన. సగంలోనే నాకు అర్థమైపోయింది. నేను ఆగిన్నని ఆమెకు అర్థమైంది. నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. తర్వాత ఫోన్ వాళ్లమ్మ తీసుకున్నది.

కబురు వచ్చిన రోజే బస్సులో ములకలపల్లి దాకా, ఆన్నుంచి ఆటోలో కొంత, తర్వాత నడిచి వాళ్ల ఊరికి పోయిన. మట్టి చేసే జాగ ఊరి వాగు అవతల. వాగులో నీళ్లు మోకాలి పైకి ఉన్నయి. డోలు మోగుతుంది. ఆఫీసోళ్లు కారులో వచ్చిన్రు. కారు వాగు దాటదని ఇవతల ఆపి, ప్యాంట్లు మడిచి వచ్చి, పూలదండ వేసిన్రు. మట్టి పొయ్యకముందే మేనేజర్ గడియారం చూసుకున్నడు. పోతూ పోతూ నా భుజం మీద చెయ్యేసి చెవిలో చెప్పిండు. క్లయింట్ స్పీడ్ అడుగుతున్నాడు, రేపు వచ్చాక ఆ వెయిటింగ్ తీసెయ్, ఇప్పుడు మేడం కూడా లేరు కదా అని.

దానికి జవాబు మరునాడు ఆఫీసులో చెప్పిన. తియ్య అన్న. స్పీడ్ కావాల్నంటే లెక్కలో ఇంకో దిక్కు చూద్దాం, అది మాత్రం తియ్య. నా కార్డు సంగతి ఏమైతదో తెల్వదు. ఇది రాసే రోజుకు ఇంకా ట్రైనీనే. అలిసిపోయిన. కోపం గూడ అలిసిపోయింది. ఎవడన్నా నన్ను తీసేసి ఆ నోవెయిట్ మాట తిరిగి పెడితే పెడతడు. నా చేతితోని మాత్రం కాదు.

మళ్ల ఆ సాయంత్రానికి వస్త. మట్టి చేసినంక జనం వాగు దిక్కు నడిచిన్రు. నేను కదలలే. పచ్చి మన్ను కాడ పిడికిళ్లు బిగించుకొని నిలబడ్డ. ఆమె కోసం ఏడ్వాల్సిన ఏడుపు మేనేజర్ మీద కోపంగ ఖర్చయిపోతున్నదని ఇంకింత కోపం. ఎంతసేపైందో తెల్వదు. చుట్టూ చూస్తే ఎవ్వరు లేరు. అందరూ స్నానాలు చేసి ఇండ్లకు పోయి ఉంటరు, ఇక వాగు ఒక్కన్నే దాటాలె అనుకుంట దిగి వచ్చిన.

ఊరంత వాగు ఒడ్డునే ఉన్నది. ఇంకా మట్టి చేసిన దిక్కు ఒడ్డుననే. తడి బట్టలతోని ముసలోళ్లు, సంకలో పిల్లలతోని ఆడోళ్లు, డోలు భుజానికేసుకున్నాయన, రాయి మీద కూర్చున్న అక్క వాళ్లమ్మ. నీళ్లలో ఒక్క కాలు గూడ లేదు.

ఎవరి కోసం ఆగిన్రో అని వెనక్కు తిరిగి చూసిన. నా వెనక ఎవ్వరు లేరు.

వాళ్లమ్మ రాయి మీదికెల్లి లేసి, వాళ్ల భాషలో ఏదో అన్నది. డోలు మనిషి నా దిక్కు చూసి, "వచ్చిండు, ఇగ పాండి" అన్నడు.

అప్పుడు అందరం నీళ్లలో దిగినం.