మేనత్త అని చదివాను

ఈ సంగతి పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. చేపముల్లు గొంతులో దిగినట్టు అలాగే ఉండిపోయింది, మింగుడుపడలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నర్సీపట్నం. మా ఆయనకి నేను రెండో భార్యని. మొదటావిడ జ్వరంతో పోయేటప్పటికి పాప చిన్నది, బాబు ఇంకా చంటివాడు. నేను వచ్చేదాకా వాళ్లని పెంచింది మా పెద్ద ఆడపడుచు, మా వదిన. కోటవురట్లలో తన సంసారం, జీడితోట వదిలేసి వచ్చి, బాబుని గుండెల మీద పడుకోబెట్టుకుని పెంచింది. ఇది ముందే చెప్పాలి. నేను అన్యాయం చేసింది ఆవిడకే.

తల్లి పోయాక పాప బడిలో ఉండేది కాదు. గేటు దగ్గరే ఏడుపు. పెళ్లికి ముందు నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని కాబట్టి, ఇద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతానన్నాను. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప వేసుకుని కథ చదివేదాన్ని. మామూలుగా నా దగ్గరికి రావడానికే బెదిరే పాప, కథ మొదలుపెట్టగానే కొంచెం కొంచెంగా జరిగి నా మోకాలికి ఆనుకునేది. అలా ఆనుకోవడం కోసం నేనేమైనా చేసేదాన్ని. చేశాను కూడా.

పుస్తకాలు నేనే ఏరేదాన్ని. షాపులో నిలబడి ప్రతి పేజీ తిప్పి చూసేదాన్ని. బొమ్మల కోసం కాదు, నీతి కోసమూ కాదు. ఒకే ఒక్క మాట కోసం. సవతి తల్లి. ఆ మాట కనిపిస్తే పుస్తకం అక్కడే పెట్టేసి వచ్చేదాన్ని. పిల్లకి చద్దన్నం పడేసేదీ ఆవిడే, అడవిలో వదిలేసి వచ్చేదీ ఆవిడే. ఈ కథలు రాసేవాళ్లకి ఇంకెవరూ దొరకలేదా అని తిట్టుకునేదాన్ని.

ఒకసారి వదిన వచ్చినప్పుడు పిల్లలకి ఒక పుస్తకం తెచ్చింది. అట్ట మీద నెమలి. ఆవిడ బస్సెక్కిందో లేదో, అది చదవమని పిల్లలు నా ప్రాణం తీశారు. ముందుగా చూసుకోవడానికి వీల్లేకపోయింది. రెండో పేజీలోనే ఆ మాట. నాకు ఒళ్లు మండిపోయింది. కావాలనే తెచ్చిందా? నన్ను దెప్పడానికా? పాప మోకాలికి ఆనుకుని, తర్వాతేమైందన్నట్టు నా మొహంలోకి చూస్తోంది.

"ఆ పిల్లని మేనత్త నానా హింసలూ పెట్టేది" అని చదివేశాను.

నోరు జారిందని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. జారితే మంత్రగత్తె అనొచ్చుగా? పొరుగింటావిడ అనొచ్చుగా? మేనత్తే ఎందుకొచ్చింది నోటికి?

ఇక రోజూ అదే కథ కావాలన్నారు. రోజూ మేనత్త లడ్డూలో విషం కలిపేది. మళ్లీ వదిన సున్నుండలు చేసుకుని వస్తే పాప ముట్టలేదు. బాబు నా కొంగు వెనక దాక్కున్నాడు. "జడేస్తాను రాయే కోడలా" అంటే పాప పెరట్లోకి పరిగెత్తింది. వదిన నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నిజం సెప్పు. నా మీద పిల్లలకి ఏటి సెప్పినావు?"

"నేనేటీ చెప్పలేదు వదినా."

"మరి నన్ను సూసి అలగ బెదిరిపోతన్నారేటి? నానేటి సేసేను ఆళ్లకి?"

నిజమే, నేను చెప్పలేదు. చదివానంతే. ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయాను, ఇప్పుడు తలుచుకుంటే అసహ్యం వేస్తుంది. వదిన రాకపోకలు తగ్గించేసింది. నాకు బాధ కలిగిందా? లేదు. హమ్మయ్య అనుకున్నాను. పాపకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేసరికి ఆ పుస్తకాన్ని అటక మీద పడేశాను.

పోయిన నెల వదిన మనవరాలి కళ్లు చూపించడానికి ఊళ్లోకి వచ్చి, భోజనానికి మా ఇంటికి వచ్చింది. పాప ఇప్పుడు నాకంటే పొడుగు. ఆ చిన్నదాన్ని ఆడించడానికి అటకెక్కి పాత పుస్తకాలు దింపింది. నెమలి బొమ్మ చూడగానే వదిన మొహం విప్పారింది.

"ఇది నాను తెచ్చిందే. నెమలి బాగుందని కొనేసేను. లోపలేటున్నాదో సూడనేదు."

పాప పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలో ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడ సవతి తల్లి అనుంది. మేనత్త కదా?"

అచ్చుతప్పు అనొచ్చు. ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వదిన చెయ్యి ఇంకా ఆ నెమలి మీదే ఉంది.

"పుస్తకంలో ఉన్నదే నిజం. నేనే మార్చి చదివాను. మీ అత్తంటే మీకు భయం పట్టుకుంది అందుకే" అన్నాను.

వదిన నెమలి మీంచి చెయ్యి తీసేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "బస్సుకి టైమైపోతంది" అని మనవరాలి చెయ్యి పట్టుకుని లేచింది. పాప చెప్పులేసుకుని వాళ్లతో బస్టాండు దాకా వెళ్లింది. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

ఇంతవరకూ వదిన నుంచి ఫోను లేదు. క్షమించమని అడిగే మొహం నాకూ లేదు. అయినా మీ దగ్గర దాపరికమెందుకు, ఆ మాట బయటపెట్టేశాక నాకు హాయిగా ఉంది.

వాళ్లు వెళ్లాక ఆ పుస్తకం చాప మీదే పడి ఉంది. కూర్చుని మొదటి నుంచి పైకి చదివాను, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా. రెండో పేజీ ఎలా ఉందో అలాగే చదివాను.