లాభం, రెండు, మూడు

మా నాన్నది కిరాణా కొట్టు. బియ్యం కొలిచేటప్పుడు అక్కడ ఎవరూ "ఒకటి" అనగా నేను వినలేదు. మొదటి కుంచం "లాభం", ఆ తర్వాత రెండు, మూడు. అలా పెరిగినవాడు అద్దె ఇంటి లెక్క ఇంకెలా వేస్తాడు? శ్రీకాకుళంలో రెండు వాటాల ఇల్లు కొనేముందు ఒక పొట్లం కాగితం వెనక నెలలు లెక్కపెట్టాను: లాభం, రెండు, మూడు... పన్నెండు. అద్దెను పన్నెండుతో హెచ్చవేసి, బ్యాంకు వాయిదాలు తీసేశాను. మిగిలింది చూసి నా తెలివి నాకే ముద్దొచ్చింది.

ఆ కాగితం చూపించి ఒప్పించి, మా ఆవిడ చేతి బంగారు గాజులు రెండూ బ్యాంకులో తాకట్టు పెట్టాను. శ్రావణంలో ఆవిడ చెల్లెలి కూతురి పెళ్లి. అప్పటికి విడిపించి తెస్తానని మాటిచ్చాను.

కాగితంలో లేనివన్నీ వరసగా వచ్చాయి. మోటారు కాలింది. పై వాటా స్లాబు చెమ్మ పట్టింది. వంకాయల దగ్గర అయిదు రూపాయల కోసం అరగంట నిలబడే నేను, బ్రోకరుకు ఒక నెల అద్దె నోరు మూసుకుని ఇచ్చాను. జ్యేష్ఠం చివర్లో పై వాటావాళ్లకు బదిలీ అయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఇంటిని మెచ్చుకుని, శ్రావణంలో దిగుతామని చెప్పి వెళ్లారు.

"ఏటండీ, మీ కాగితంలో ఆషాఢం ఉన్నాదా?" అంది మా ఆవిడ.

"పన్నెండు నెలల్లో అదీ ఒకటే కదే!"

"ఒకటెక్కడిది, మీకది లాభం. ఆషాఢంలో కొత్తింట్లో ఎవులు దిగుతారు?"

దిగడానికి ఒక పెద్దావిడ వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరు, బజారులో ఎండుచేపల కొట్టు. గోడలు తట్టింది, కుళాయిలు తిప్పింది, స్లాబు మీది మరకను నా బంధువును చూసినట్టు చూసింది.

"అద్దె ఏటి సెప్తన్నావు బాబూ?"

"ఎనిమిది వేలు, అప్పా."

"ఆరు. ఈ నెల నీ గుమ్మం ఎవులు తొక్కుతారు? నాకు ఆషాఢం లేదు. వేట మొదలైపోనాది, సరుకు వస్తాది."

"చేపల వాసనకి మళ్లీ రంగులు వేయించాలి కదా..."

"సరుకు కొట్లో ఉంటాది, నీ ఇంట్లో కాదు. నీ లెక్క నేను సెప్తాను, సూడు." వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "లాభం, నీ ఖాళీ నెల. రెండు, ఆ మరక. మూడు, బ్రోకరు. నేను బ్రోకరు లేకుండానే వచ్చాను."

ఆ "లాభం" దగ్గరే నేను ఓడిపోయాను. మా బళ్లోనే చదువుకున్న మనిషిలా ఉంది. అయినా పరువు కోసం ఆరున్నర అన్నాను.

"ఆరే. అడ్వాన్సు ఇప్పుడే ఇత్తాను."

"తీసేసుకోండి," తలుపు వెనక నుంచి మా ఆవిడ.

అడ్వాన్సు ఆదాయం కాదని, ఆమె ఖాళీ చేసిన రోజు తిరిగివ్వాల్సిందేనని నాకు తెలుసు. తెలిసే బ్యాంకుకు పట్టుకెళ్లాను. అది, ఇంట్లో ఉన్నదీ కలిపితే ఒక గాజుకు సరిపోయింది.

పెళ్లి రోజు మా ఆవిడ ఒక చేతికి గాజు, రెండో చేతికి నా వాచీ పెట్టుకుంది. బస్సెక్కబోతూ గాజు చెయ్యి నా ముఖం ముందు ఆడించింది.

"లాభం," అంది. "రెండు ఎప్పుడండీ?"